"పైడితల్లీ, లేవని రాసేస్తాను"

నిన్న నా నోటివల్ల మనవరాలి మార్కులు పోబోయేయి, వినండి. చచ్చినదాంతో దెబ్బలాడేను మరి!

వన్ టౌన్‌లో మా ఇల్లు మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. నిన్న మబ్బు కూడా కమ్మేసింది. మనవరాలు బుజ్జి లోపలిగదిలో కంప్యూటర్ ముందు కాలేజీ చదువు చదువుతోంది. రోజూ చెవుల్లో వైర్లు పెట్టుకుంటాది, బయటికి చప్పుడే రాదు. వాన పడగానే వైర్లు లాగి పారేసి, బట్టలు తీయడానికి మేడమీదికి పరిగెట్టింది.

నాను తలంటుకుని, మొహానికి పసుపు రాసుకుని, జుత్తు ఆరబెట్టుకుంటున్నాను. లోపల్నుంచి బొంగురు గొంతు.

"పైడితల్లీ... వినబడుతోందా?"

ఒళ్లు జల్లుమంది. ఆ గదిలోనే కిందటేడు మా పెద్ద తోడికోడలు పోయింది. ఈ ఇంట్లో నన్ను పేరెట్టి పిలిచింది ఆవిడొక్కర్తే. మనవరాలికి నా పేరే పెట్టేరు గానీ, అత్తపేరు పలకకూడదని కోడలు దాన్ని బుజ్జి అంటాది.

"పైడితల్లీ, ఉన్నావా?"

పలకలేదు. దెయ్యమైతే మూడోసారి పిలవదని మా అమ్మ చెప్పేది.

"పైడితల్లీ! పలక్కపోతే లేవని రాసేస్తాను."

మూడోసారీ పిలిచేసింది! అంటే ఉత్త దెయ్యం కాదు, సాక్షాత్తూ ఆవిడే. చచ్చినా నా మీద పెత్తనమే! చీపురట్టుకుని వెళ్లేను. చీకట్లో తెర వెలుగుతోంది. తెరనిండా నల్లటి గళ్లు. ఒక్క గడిలోనూ మనిషి లేదు. చీపురుతో ఆ కంప్యూటర్ మీటలమీద ఒక్కటేసేను.

"ఏటి, నన్ను లేవని రాసేత్తావా? నా ఇత్తడి గుండిగ నీ కూతురి పెళ్లికి అట్టుకెళ్లి సొట్టెట్టి తెచ్చేవు. అప్పుడు నోరెత్తనేదు. ఇప్పుడు సెప్పు, సొట్ట నువ్వెట్టేవా నేదా?"

ఒక గడిలో ముఖం వెలిగింది. పక్కన ఇంకోటి. ఇంకోటి. అందరూ గుడ్లప్పగించి నాకేసే చూస్తున్నారు.

"మామ్మా! అది మా మేడమ్! జలుబు సేసింది!" బుజ్జి తడిబట్టలతో గుమ్మంలో ఏడుపుమొహం పెట్టింది. "ఈరోజు ఒక్కొక్కలం మా ఇంటి గురించి మాటాడాలి. దానికే మార్కులు! పోనాయి!"

"పోలేదమ్మా, మీ ఇంటి గుండిగ కథ విన్నాంగా, మార్కులు వేసేశాను," అంది మేడమ్, నవ్వాపుకోలేక. "కెమెరాలు ఆన్ చెయ్యండర్రా, మనుషుల్లా మాట్లాడుకుందాం అని రోజూ బతిమాలుతున్నాను. ఇవాళ అడక్కుండానే అందరూ చేశారు!"

నా మాటకి అంత విలువుందని పొంగిపోయేను.

"నీ మాటకి కాదు మామ్మా. దాన్ని సూసి జడుసుకుని," అని బుజ్జి కిందమూల గడి చూపించింది.

చీకట్లో జుత్తు విరబోసుకుని, పచ్చటి పసుపు మొహంతో ఒక ముసలిది గుడ్లురుముతోంది.

"అదిగోనే మీ పెద్దమామ్మ!" అని చీపురెత్తేను.

అదీ ఎత్తింది.