సిల్వర్ గిన్నె

గోపన్‌పల్లి హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒకసారి నా వెండి పట్టీలు స్నానాల గదిలో మరిచిపోయాను. అక్కడ వంట చేసి, గదులు ఊడ్చే అక్క రెండు రోజుల తర్వాత వాటిని తెచ్చి ఇచ్చింది.

"బకెట్ల కింద దొరికినయి బిడ్డా" అంది.

బకెట్ల కింద నేనూ వెతికాను. మరి నాకెందుకు దొరకలేదు? ఆమెను అడగలేదు. డైరీలో రాసుకున్నాను.

నెల తిరిగేసరికి పట్టీలు నల్లబడ్డాయి. అవి అమ్మమ్మవి. కొక్కెం లోపలివైపు ఆమె చెక్కించుకున్న చిన్న అక్షరం ఉండాలి. టేబుల్ లైటు కింద ఎంత తిప్పి చూసినా నలుపే. అమ్మమ్మవి దాచుకుని వేరేవి ఇచ్చిందేమో. ఆ మాట మనసులో పడ్డాక, చపాతీలు కాలుస్తూ ఆమె నా వైపు చూసినా, చూడకపోయినా తప్పుగానే తోచేది. ఆఫీసుకెళ్తూ నా గదికి తాళం వేయడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం తనే నా కాళ్లకేసి చూసింది.

"గట్ల నల్లగైనయేంది? జర ఇటియ్యి. సిల్వర్ గిన్నెల ఉడకబెడితే తెల్లగైతయి."

వెండిని వెండి గిన్నెలోనా? హాస్టల్ వంటింట్లో వెండి గిన్నె ఎక్కడిది? ఈసారి అసలుకే మాయం చేస్తుందనుకున్నాను.

"నేనూ వచ్చి చూస్తానక్కా."

"రా, చూడు. నీ సొమ్ము నేను మింగుతనా?" అని నవ్వింది.

సిల్వర్ గిన్నె అంటూ ఆమె పొయ్యి మీద పెట్టింది మా ఊళ్లో సత్తు గిన్నె అని పిలిచే మామూలు అల్యూమినియం గిన్నె. నీళ్లు కాగాక ఉప్పు, వంటసోడా వేసి, పట్టీలను అడుగుకు ఆనేలా పరిచింది. కుళ్లిన గుడ్డు వాసన సన్నగా లేచింది.

పదో తరగతిలో బట్టీపట్టిన లోహాల వరుస అప్పుడు గుర్తొచ్చింది. చురుకైనవి పైన, చురుకు తక్కువవి కింద. అల్యూమినియం పైవరుసలోది. పట్టుకున్నదాన్ని ఓ పట్టాన వదలదు. అందుకే ఇనుమును ముడిఖనిజం నుంచి విడదీయడానికి బొగ్గు సరిపోయినా, అల్యూమినియానికి కరెంటు కావాలి. వెండి దాదాపు అట్టడుగున ఉంటుంది. గంధకం పట్టి నల్లబడినా తేలిగ్గానే వదిలేస్తుంది. గనుల్లో దొరికే వెండి ఖనిజాల్లో ఈ నలుపూ ఒకటి. అంటే పట్టీల్లోని గంధకాన్ని గిన్నె లాక్కుంటోంది, వెండి వెండిగా మిగులుతోంది.

అంతా అర్థమైనా నా కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి.

గరిటెతో పైకి తీసి, చన్నీళ్లలో కడిగి నా చేతిలో పెట్టింది. కొక్కెం విప్పి చూశాను. అక్షరం ఉంది.

"దొరికిందా?" అంది.

ఏం వెతుకుతున్నానో ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

"ఆఁ" అన్నాను తలెత్తకుండా.

"ఇగ రేపటి సంది రూముకు తాళమెయ్యకు. ఊడ్వక పది దినాలాయె. ఆ దుమ్ముల నువ్వే పండాలె."

తప్పయిందని చెప్పాలనుకున్నాను. మర్నాడు తాళం వేయకుండానే ఆఫీసు క్యాబ్ ఎక్కాను. పట్టీలు మాత్రం కాళ్లకే పెట్టుకుని వెళ్లాను.