సీసా మీద సత్తెమ్మ పేరు

నాకు కాలు ఒకచోట నిలవదని మా అమ్మ అంటుంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలన్నప్పుడు తోటివాళ్లంతా ఏసీ ఆఫీసులు వెతుక్కుంటే, నేను ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణం పైన ఒక్క గదిలో నడిచే సంఘంలో చేరడానికి కారణం అదే అయ్యుంటుంది. మూసీ పక్క కాలనీల్లో నీళ్లు ఎందుకు పాడవుతున్నాయో, ఆ నీళ్లు ఎప్పుడూ లేనివాళ్ల వాటాకే ఎందుకొస్తాయో అడిగే సంఘం అది. నడిపేది నల్గొండ వైపు నుంచి వచ్చిన వెంకన్న. నెలరోజులు నాచేత కరపత్రాలు మడతపెట్టించి, చివరికొక పని ఒప్పజెప్పాడు.

నాగోల్ అవతల మూసీ ఒడ్డున ఉన్న కాలనీలో సత్తెమ్మ ఇంటి బోరు నీళ్లు సీసాలో పట్టి, ఒంటిగంటలోపు దిల్‌సుఖ్‌నగర్ ల్యాబులో ఇవ్వాలి. మర్నాడు కాలనీకి అధికారులు వస్తున్నారు. రిపోర్టు చేతిలో ఉంటేనే మంచినీళ్ల నల్లా గట్టిగా అడగగలం. మిగతావాళ్లంతా కిరాయికి ఉండేవాళ్లు, ఓనర్లకి భయపడి ఇవ్వం అన్నారు. సొంత ఇల్లున్న సత్తెమ్మ ఒక్కతే ఒప్పుకుంది.

పొద్దున ఏడున్నరకి దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడ్డాను. మొదటి బస్సు ఆగకుండానే పోయింది. రెండోదాంట్లో ఒంటికాలి మీద చోటు దొరికింది. సీసా చల్లగా ఉండాలని వెంకన్న ఇచ్చిన ఐసు డబ్బా చూసి, పక్కనున్న పెద్దాయన "పదకొండు కొడితే ఎల్బీ నగర్ చౌరస్తా బంద్. జల్దీ పని చూస్కో బిడ్డా" అన్నాడు.

"అలాగేనండీ" అన్నాను.

ఆ 'అండీ' వినగానే ఇద్దరు తల తిప్పి చూశారు. మాది తెనాలి దగ్గర. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో నోరు విప్పితే చాలు, ఊరు బయటపడేది. నాకు భయమేసింది.

ఎల్బీ నగర్‌లో దిగి, షేర్ ఆటోలో నలిగి, నాగోల్ నుంచి పావుగంట నడిచాను. ముందు వాసన వచ్చింది, తర్వాత కాలనీ వచ్చింది. ఎనిమిది ముప్పావుకి సత్తెమ్మ గడప ఎక్కాను. యాభై దాటిన మనిషి, తాపీ పనుల్లో ఇటుకలు మోసి కట్టుకున్న రెండు గదుల ఇల్లు. కుర్చీ కొంగుతో తుడిచింది, పళ్లెంలో ఉప్మా పెట్టింది.

"బోరు కాడ అంత బురదనే. నువ్వు కూసొని తిను, నేనే నింపుకొస్త" అంది.

సీసా నువ్వే నింపాలని వెంకన్న పదిసార్లు చెప్పాడు. కానీ ఉప్మా వేడిగా ఉంది. సీసా మీద కాగితం అంటించి, 'సత్తెమ్మ, ఇంటి బోరు' అని పెద్దక్షరాలతో రాసి ఆమె చేతికిచ్చేశాను.

తొమ్మిదిన్నరకి తిరుగు ఆటోలో కుదురుగా కూర్చోలేక డబ్బా మూడుసార్లు తెరిచాను. మూడోసారి సీసాని వెలుతురుకి పట్టి చూస్తే అనుమానమొచ్చింది. ఆ ఇంట్లో బకెట్లన్నీ పచ్చగా గార కట్టి ఉన్నాయి, ఈ నీళ్లేమో తళతళలాడుతున్నాయి. మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

ఎవరికి తెలుస్తుందిలే అని ఒక్క నిమిషం అనిపించిన మాట నిజం. సిగ్గుపడుతూ వెంకన్నకి ఫోన్ చేశాను.

"గా నీళ్లు ల్యాబుకిచ్చినమనుకో, నీళ్లు మంచిగనే ఉన్నయ్ గదా, ఇంక నల్లా ఎందుకంటరు. మన నోట్ల మనమే మన్ను కొట్టుకున్నట్టు. వాపస్ పో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పదింపావుకి మళ్లీ అదే గడప. "అక్కా, ఇవి బోరు నీళ్లేనా?"

సత్తెమ్మ తడబడలేదు. "కొన్న క్యాను నీళ్లు. ఇంటికొచ్చిన పిల్లకు గా కంపు నీళ్లెట్లిస్త?"

"తాగడానికి కాదక్కా, పరీక్షకి."

"నాకెర్కలేదా? సీసా మీద నా పేరు రాస్తివి. పెద్ద పెద్దోళ్లు చూస్తరంటివి. నా పేరు మీద గలీజు నీళ్లు పంపాల్నా?"

టైమంతా ఆమె వల్లే పోయిందని లోపల మండిపోతోంది. "ఆ నీళ్లని పాడుచేసింది మీరా అక్కా?" అని కసురుకున్నాను. ఆమె చెప్పులేసుకుని బోరు దగ్గరికి నడిచింది. ఐదు నిమిషాలు నీళ్లు వదిలేసి, సీసాని అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, ఈసారి బురదలో నిలబడి నేనే నింపాను. కాగితం తడిసిపోయింది. పేరు బదులు నంబరు వెయ్యనా అని అడిగితే, "రాయి. పేరే రాయి" అని మొహం అటు తిప్పుకుంది.

పదకొండున్నరకి ఎల్బీ నగర్ చౌరస్తా నిండా జనం. తెలంగాణ కోసం నిరసనగా రోడ్డు మధ్యనే రాళ్లు పేర్చి వంటావార్పు చేస్తున్నారు. గంజు గిన్నెలో పప్పు ఉడికిస్తున్నావిడ నన్ను పిలిచింది.

"ఓ పిల్లా, డబ్బల నీళ్లా? గిటు తే, పప్పుల పొయ్యాలె."

"వద్దండీ! మూసీ ఒడ్డు బోరు నీళ్లు."

మళ్లీ 'అండీ'. "ఏ ఊరు నీది?" అని అడిగింది. తెనాలి అన్నాను. "మరి మా నీళ్లు నువ్వెందుకు మోస్తున్నవ్?"

అధికారుల సంగతి, ఒంటిగంట సంగతి గబగబా చెప్పాను. ఆవిడ సీసా తీసి చూసింది. నీళ్లు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.

"మా ఇంట్ల గూడ గివ్వే," అని గరిటె ఎత్తి అరిచింది, "జరుగుర్రి! పిల్లను పోనియ్యుర్రి!"

జనం అవతలికి దాటి, దిల్‌సుఖ్‌నగర్ వైపు వెనక్కి తిరుగుతున్న ఆటోని పరిగెత్తి పట్టుకున్నాను. ఒంటిగంటకి పది నిమిషాలుండగా సీసా ల్యాబు బల్ల మీద పెట్టి, ఫారం నింపి బయటపడ్డాను. రిపోర్టు పొద్దున ఎనిమిదికిస్తామన్నారు.

ఇక బస్సుల్లేవు. మండుటెండలో హాస్టలుకి నడక. ఇంత చిన్న దూరానికి ఇంత పెద్ద ప్రయాణం నేనెప్పుడూ చెయ్యలేదు. అంతలో సత్తెమ్మ ఫోను.

"ఇచ్చినవా బిడ్డా? నా నీళ్లు పాసయితయంటవా?"

"ఫెయిలైతేనే నల్లా వస్తుందక్కా."

"అయితే ఫెయిలే కానీ తియ్యి. గని గా కాయితం మీద జర రాయి బిడ్డా, గవి సత్తెమ్మ ఖరాబు చేసిన నీళ్లు కావని."

నేను నింపిన ఫారంలో అలాంటి మాటకి గడి లేదు. ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగి ల్యాబు వైపు నడిచాను.