మూడో పిలుపు

నా చిన్నప్పుడు మా నాన్నగారి ఆకాశం పిచ్చి భరించలేక మా అమ్మ రోజూ ఏదో ఒక గిన్నె ఎత్తి పడేసేది. మాది జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ఊరు. నాన్నగారు సైన్సు మాస్టారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక మత్స్యకారుల ఊరికి బదిలీ అయితే అందరం అక్కడికి వెళ్ళాం. సముద్రం గురించి మాకు ఓనమాలు కూడా తెలియవు. పోనీ నాన్నగారు ఊరుకుంటారా అంటే, అక్కడా ఆయనకు ఇద్దరు జతగాళ్ళు దొరికారు, పోస్టుమాస్టారూ, ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కూ. ముగ్గురూ కూర్చుంటే ఇక చెప్పేదేముందండీ! శ్రీహరికోటలో ఎగిరిన రాకెట్టు కింది భాగాన్ని ఎన్నో నిమిషంలో వదిలేసింది, కుజుడి మీద నీళ్ళున్నాయా లేవా అని కాఫీలు చల్లారిపోయేదాకా వాదులాటే. కాకినాడలో కళ్ళజోళ్ళ షాపు నుంచి అద్దాలు తెచ్చి, ప్లాస్టిక్ గొట్టంలో బిగించి, మెకానిక్కు గారు ఒక దుర్భిణీ కూడా తయారుచేశారు.

అది తోకచుక్క కనపడిన ఏడాది. మా ముగ్గురు పెద్దమనుషులకూ పండగే గానీ ఊరికి మాత్రం గుండెల్లో రాయి పడింది. పొద్దు గుంకగానే పడమటి వైపు తలుపులు మూసేసేవారు. ఆడవాళ్ళు అటు తిరిగి నీళ్ళు కూడా పారబోసేవారు కాదు. పొరపాటున ఎవరైనా దాని పేరెత్తితే పక్కనున్నవాళ్ళు నోరు మూసేసేవారు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. చీకటి పడ్డాక వచ్చే నావల కోసం రెండు లాంతర్లు పెట్టేవారు. ఒకటి ఒడ్డున రాట మీద, రెండోది సరుగుడు తోట వెనక ఎత్తైన ఇసుక దిబ్బ మీద. సముద్రంలోంచి చూస్తే రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనపడాలి. అలా కనపడితే నావ సరిగ్గా నది మొగలోకి, అంటే ఏరు సముద్రంలో కలిసే దారిలోకి వస్తున్నట్టు, పక్కకి జరిగితే ఇసుక మేటల మీదికి పోతున్నట్టు. దీపాల వంతు రోజుకొక ఇంటిది. ఈ నిలువు లెక్కంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి అవి నావల కోసమని మాత్రమే తెలుసు.

ఉగాదికి ముందు వచ్చే అమావాస్య నాడు దీపాల వంతు మా పక్కింటి అక్కది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు ఆవిడకి. రోజూ పొద్దున్నే నాకు జడ వేసేది. వాళ్ళాయన మరో ఇద్దరితో వేటకి వెళ్ళాడు. సముద్రం పోటుకి నీళ్ళు పెరిగితేగానీ మొగ దాటలేరు కాబట్టి చీకటి పడ్డాకే వస్తారు. అక్క రెండు లాంతర్లూ వెలిగించి ఒడ్డుకి వెళ్ళి కూర్చుంది.

నాన్నగారూ, జతగాళ్ళిద్దరూ, నేనూ దుర్భిణీతో దిబ్బ మీద ఉన్నాం. మా వెనక సముద్రం మీద కుజుడు ఎర్రగా లేచాడు. ముందు, నేల వైపు తోకచుక్క వాలి ఉంది. సరిగ్గా దాని కిందే లాంతరు. "మన ప్రాణానికి ఈ వెలుగొకటి, తోక సగం కనపడటంలేదు" అని నాన్నగారు గొణుక్కున్నారు. ఆయన కళ్ళు దుర్భిణీకే అతుక్కుపోయి ఉన్నాయి. నా వంతు ఎప్పుడొస్తుందా అని నాకు కాళ్ళు నిలవడంలేదు. ఒడ్డున ఇంకో దీపం ఉందిగా, ఒకటి చాలదా అనుకున్నాను. వెళ్ళి గాజు ఎత్తి ఉఫ్‌మని ఊదేశాను. గాలికి ఆరిపోయిందనుకుని పోస్టుమాస్టారు "హమ్మయ్య" అన్నారు.

ఆ చీకట్లో తోక ఎంత పొడుగ్గా కనపడిందో! నా వంతు అయ్యాక ఆ సంబరం అక్కకి చెప్పాలని తోటలోంచి పరుగెత్తాను. ఒడ్డున, నావ కోసం వచ్చిన ఆడవాళ్ళంతా బొమ్మల్లా నిలబడి ఉన్నారు. చిన్నగా ఏదో గొణుక్కుంటున్నారు. అక్కని వాళ్ళత్తగారు వెనకనుంచి గట్టిగా పట్టుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడు వినపడింది నాకు. నీళ్ళ మీద నుంచి, నావ రాకూడని ఉత్తరపు వైపు నుంచి, ఒక మగ గొంతు అక్కని పేరు పెట్టి పిలిచింది.

అది రెండో పిలుపట. అమావాస్య నాడు నీళ్ళలోంచి పిలుపొస్తే మూడుసార్లు వినపడేదాకా పలకకూడదని అక్కడివాళ్ళ నమ్మకం. మనిషి కానిది రెండుసార్లే పిలుస్తుందట. పైగా దీపాలు వెలుగుతున్నాయి, మావాడు మేటల వైపు ఎందుకు పోతాడు, అది వాడు కాదు అంటోంది అత్తగారు. ఒడ్డు మీద నుంచి చూస్తే తోట అడ్డం, వెనక దీపం ఆరిన సంగతి ఎవరికీ తెలియదు. అందరూ మూడో పిలుపు కోసం చెవులు రిక్కించారు. అల చప్పుడు తప్ప ఏమీ లేదు. దీపాల్లో ఒకటి వెలగడంలేదని అక్కడ నాకొక్కదానికే తెలుసు. చెబితే నాన్నగారు చంపేస్తారు. చెప్పకపోతే? అక్క కొంగు పట్టుకు లాగి, చెవిలో "వెనక దీపం నేను ఆర్పేశానక్కా" అన్నాను.

అక్క నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. అత్తగారిని విదిలించుకుని, గొంతు చించుకుని సముద్రానికి జవాబిచ్చి, దిబ్బ మీదికి పరుగెత్తింది. వెనకే నేను. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతుంటే నాన్నగారూ వాళ్ళూ ఏం జరిగిందో తెలియకుండానే చుట్టూ పంచెలు అడ్డం పట్టారు. దీపం వెలిగింది.

చాలాసేపటికి నావ వచ్చింది. మేట మీద ఎక్కి పక్క చెక్క పగిలింది. ముగ్గురూ ఒంటి నిండా నీళ్ళతో వణుకుతున్నారు. అక్కవాళ్ళాయన ఇసుకలో కూలబడి, "రెండుసార్లు పిలిచాను. మీ గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి. ఒక్కరూ పలకలేదు. అక్కడున్నది మీరు కాదేమోనని మూడోసారి పిలవడానికి భయమేసింది" అన్నాడు.

తర్వాత కులపెద్ద దీపం సంగతి అడిగాడు. నేను నాన్నగారి వెనక నిలబడ్డాను. అక్క తల దించుకుని, "గాజు సరిగ్గా బిగించలేదండి, గాలికి ఆరిపోయింది, నాదే తప్పు" అంది. ఇక ఆ ఇంటికి దీపం వంతు లేదన్నారు. ఆ ఊళ్ళో అంతకన్నా చిన్నతనం లేదండీ. అత్తగారు ఆవిడతో నెలరోజులు మాట్లాడలేదు.

మర్నాడు జడ వేస్తుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అందరికీ చెప్పేస్తానన్నాను. అక్క దువ్వెన ఆపలేదు. "నువ్వు చెప్పావు కాబట్టే మీ బావ ఇంటికొచ్చాడు. నాకది చాలు. ఊరికి తెలిస్తే మాస్టారు ఇక్కడ తలెత్తుకోలేరు, ఊరుకో" అంది. నేను ఊరుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆవిడ వంతు తిరిగి ఇచ్చారో లేదో నాకు తెలియదు. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. చీకట్లో ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే గట్టిగా పలుకుతాను. అమావాస్య కానివ్వండి, గొంతు ఎవరిదో తెలియకపోనివ్వండి. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, తొందరెందుకంటారు. మూడోసారి పిలిచే ధైర్యం అవతలివాళ్ళకి మిగిలి ఉంటుందని ఏం నమ్మకమండీ?