ఫోన్ నంబర్లు అడిగిన పాపానికి

ముసునూరులో పదో తరగతి అయిపోయిన గవర్నమెంటు బడి పిల్లలకు ఇంటర్ లెక్కలు ముందుగానే ఉచితంగా చెబుతున్నాను. నిన్న రిజిస్టరులో ఇంటి ఫోన్ నంబర్లు రాయమన్నాను. అక్కడే పొరపాటు చేశాను. వేసవిలో ఊళ్ళమీద తిరిగే కాలేజీ ఏజెంట్లు మొదట అడిగేది అవే.

ఈ రోజు ఒకమ్మాయి వెంట వాళ్ళమ్మ వచ్చింది, మామిడి కోతల పని మానుకుని మరీ.

"ఏ కాలేజీ తరఫునండీ?" అంది.

"ఏ కాలేజీ కాదమ్మా. రిటైరైన లెక్చరర్ని, ఊరికే చెబుతున్నాను."

"కాయ పైకి బానే ఉంటదండి. పురుగు టెంకలో ఉంటది. మీరు చెప్పండి, నేను చూస్తా."

చివరి బెంచీలో కూర్చుని రెండు గంటలూ బోర్డు వైపు చూడలేదు, కూతురి మొహమే చూసింది. నేను చాక్‌పీసు పెట్టేయగానే లేచింది.

"ఆ మూడో లెక్క మళ్ళీ చెప్పండి. దీనికి అర్థం కాలేదు, ఊరికే తలూపింది."

పిల్ల తల దించుకుంది. నిజమే. మళ్ళీ చెప్పాను.

వెళ్ళేముందు రిజిస్టరులో తన నంబరు కొట్టేసి, కూతురి నోటుబుక్కులో నా నంబరు రాయించుకుంది.

తలూపే పిల్లల్ని మీరెలా కనిపెడతారండీ? నాకైతే ఇప్పుడు మిగతా పదకొండు తలల మీదా అనుమానమే.