అత్తరు పడని పగడం

మనసుకు నిలకడ ఉండటం లేదంటే పగడం పెట్టుకోమన్నారు తెలిసినవాళ్లు. ఈ సలహా అందరికీ ఇస్తారు. అందరూ వెళ్లి ఉంగరం చేయించుకుంటారు. నేను వెళ్లి అక్వేరియం కొన్నాను. వేలికి పెట్టుకోవలసిన పగడాన్ని ముందుగదిలో పెట్టుకున్నాను. పైగా అది రాయి కూడా కాదు, ప్రాణమున్న మెత్తటి పగడం. రాయి అయితే ఏళ్ల తరబడి వేలి మీద కూర్చుంటుంది, ఎలా ఉన్నావని అడగక్కర్లేదు. దీన్ని పొద్దున లేచింది మొదలు అడుగుతూనే ఉండాలి. నిలకడ కోసం తెచ్చుకున్నది నన్ను ఒకచోట నిలవనివ్వలేదు.

ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సులో తెలుగు ప్రూఫులు దిద్దడం నా పని. కంటికి ఏదైనా సరిగా కనబడకపోతే చేయి పెట్టకుండా ఉండలేను. జీతం ఇచ్చేది అందుకే. ఇంటికి వచ్చేటప్పుడు ఆ చేతిని ప్రెస్సులోనే వదిలి రావాలని మాత్రం నాకు తోచలేదు.

మొదట తెచ్చిన పగడాలు ఒకదాని వెనక ఒకటి సబ్బుముక్కల్లా కరిగిపోయాయి. తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా మళ్లీ ఉప్పునీళ్లే పోశాను మరి. ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదన్న సంగతి మా ఇంట్లో పప్పుచారుకు కూడా తెలుసు. ఆ తరువాత మంచినీళ్లు పోయడం నేర్చుకుని ఇంకొక్కటి తెచ్చాను. అది తొట్టిలోకి దిగుతుండగానే మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఇనుండ్రి. గిది గూడ పోతే ఆ డబ్బ ఇంట్ల ఉండొద్దు. ఆ జాగల నా కుట్టుమిషన్ పెట్టుకుంట. వంటింట్ల కూసొని కుట్టి కుట్టి జాకెట్లన్ని పోపువాసనొస్తున్నయి."

న్యాయమైన మాటే. మా హుస్సేనీ ఆలం ఇంట్లో వెలుతురు వచ్చే మూల అదొక్కటే.

ఆ కొత్తదాన్ని అమ్మినతను లెదర్ కోరల్ అన్నాడు. నేను తోలుపగడం అనుకున్నాను. లేత గోధుమరంగులో, పుట్టగొడుగు ఆకారంలో ఉండేది. హుషారుగా ఉన్నప్పుడు దాని తలమీద సన్నని వేళ్లు గుంపుగా విచ్చుకుని, నీటివాలుకు అటూ ఇటూ ఊగేవి. ఒక్కొక్క వేలి కొసన ఎనిమిది బుల్లి చేతులుంటాయట. అన్ని చేతులున్నా అది దేని జోలికీ పోదు. నాకున్నవి రెండే, వాటితోనే ఇంత చేశాను.

చలికాలమంతా అది చక్కగా విచ్చుకుంది. ఎండలు ముదిరాయి, అది ముడుచుకుంది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. తలంతా నున్నగా, తలుపులు వేసుకున్న ఇల్లులా అయిపోయింది. ఎండదెబ్బ అనుకుని నీటి మీద పంకా పెట్టాను. వెలుతురు ఎక్కువైందేమోనని లైటు ఎత్తాను, తక్కువైందేమోనని దించాను. రోజూ సాయంత్రం వస్తూనే చేయి ముంచి దాన్ని ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి మార్చేవాణ్ణి.

"గట్ల దినాం మారుస్తుంటె అదేం తెరుచుకుంటది?" అంది మా ఆవిడ. "కిరాయికున్నోళ్లు గూడ గింతగనం ఇండ్లు మారరు."

ప్రెస్సు నుంచి ఇంటికి నడిచే దారిలో, లాడ్ బజార్ మొగలో నా చిన్ననాటి స్నేహితుడి అత్తరు దుకాణం ఉంది. అక్కడ ఆగి ఒక చాయ్ తాగనిదే నా సాయంత్రం గడవదు. చాయ్ కంటే ముందు అత్తరు. చలికాలంలో స్వెటర్‌కు రాసి వదిలేవాడు. ఎండాకాలం వచ్చేసరికి ముంజేతుల మీద రాయాలంటాడు, చెమట తగిలితేనే వాసన లేస్తుందట.

"అన్నా, చెయ్యి ఇయ్యి. ఖస్ వచ్చింది, అసల్ మాల్." వట్టివేళ్ల అత్తరది. సీసా బిరడాతో రెండు చేతులకూ పట్టించి అడిగేవాడు. "నీ గోబీ ఎట్లుంది?"

నా పగడాన్ని ఒకసారి ఫోన్‌లో చూపించాను. ఆనాటి నుంచి అది అతనికి గోబీపువ్వు.

"ముడుచుకుంది భాయ్."

"గీ ఎండకు నేను గూడ ముడుచుకుంటున్న. నాకెప్పుడన్న పంక పెట్టినవా?"

రానురాను నేను మలుపు తిరిగీ తిరగకముందే కేక వినిపించేది. "ఓ అన్నా! గోబీ లేచిందా?" దుకాణం నిండా లాడ్ బజార్‌లో గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు. ఏం గోబీ అని ఎవరో ఒకరు అడగకపోరు.

"ఇంట్ల సముందర్ పెట్టిండు అమ్మా. అండ్ల గోబీ పండిస్తుండు. ఉప్పు జర ఎక్కువైనట్టుంది, లేస్తలేదు."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, కానీ మనసు తొట్టి దగ్గరే ఉండేది. చాయ్ సగంలో వదిలి ఇంటికి పరుగెత్తి, చొక్కా చేతులు పైకి మడిచి మళ్లీ నీళ్లలోకి దిగేవాణ్ణి. ప్రెస్సులో కూర్చున్నా అదే ధ్యాస. ఆ రోజుల్లో నా చేతి మీదుగా వెళ్లిన కార్డుల్లో ఎవరి పెళ్లి ఎవరితో జరిగిందో దేవుడికే తెలియాలి.

చివరికి పగడం మీద మైనం పూసినట్టు ఒక పొర కమ్మింది. ఫోటో చూసి నా స్నేహితుడు ఓర్చుకోమని నా భుజం తట్టాడు. "పోయింది అన్నా. సబర్ చెయ్యి." ఇంటికి వెళ్లేసరికి మా ఆవిడ టేపు పట్టుకుని తొట్టి ఉన్న మూలను కొలుస్తోంది. నన్ను చూసి టేపు చుట్టేసుకుంది.

ఏం చేయాలో తోచక, చేయడానికి మిగిలిన పని అదొక్కటే కావడంతో, ఫిల్టర్‌లోని దూది తీసి బకెట్‌లో పిండడం మొదలుపెట్టాను. వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"ఏం వాసన? ఖస్ షర్బత్ చేస్తున్నరా? నాకు జర చక్కెర తక్కువెయ్యుండ్రి."

చేతిలోని దూదిని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాను. సముద్రం షర్బత్ వాసన వేస్తోంది. తరువాత నా చేయి వాసన చూసుకున్నాను. మళ్లీ దూది. మళ్లీ చేయి. నీటి మీద ఇన్నాళ్లూ నేను పట్టించుకోని సన్నటి జిడ్డు తళుక్కుమంది.

మా ఆవిడ వచ్చి చూసింది. విషయం తెలిశాక గోడకు ఆనుకుని నవ్వింది. "ఇన్నొద్దులు దానికి అత్తరు స్నానం చేపిచ్చిండ్రా? పెండ్లికొడుకును చేసిండ్రు గదా పాపం!"

నాకు నవ్వు రాలేదు. ముందు స్నేహితుడి మీద కోపం వచ్చింది. అత్తరు అతనిదే అయినా చేయి నాది, ముంచినవాణ్ణీ నేనే. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాత నీళ్లు కొంచెం కొంచెంగా తీసి కొత్తవి పోశాను. వాసనలను పీల్చే బొగ్గును చిన్న గుడ్డసంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టాను. చేయి పెట్టడం మానేశాను. అన్నిటిలోకీ కష్టమైంది అదే. తొట్టి ముందు కుర్చీ వేసుకుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. లేచి వెళ్లేవాణ్ణి, తిరిగి వచ్చేవాణ్ణి. నీటివాలు ఆ మైనపు పొరను అంచుల వెంట లేపుతోంది. అది చావు పొర కాదనీ, ఈ జాతి పగడం ఒంటిమీది మురికిని అలాగే విడిచేస్తుందనీ అప్పటికి చదివి తెలుసుకున్నాను. తెలిసినంత మాత్రాన కాళ్లు ఆగలేదు.

దుకాణం దగ్గర కొత్త చిక్కు మొదలైంది. బిరడా రాగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏందన్నా, చెయ్యి దాస్తున్నవ్? కుక్క గిట్ల కరిచిందా?"

"కాలర్‌కు రాయి భాయ్."

కాలర్‌కే రాశాడు, కానీ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అత్తరు అమ్మి బతికేవాడికి నీ అత్తరే దెబ్బ తీసిందని ఎలా చెప్పను? అయినా గోబీ లేచిందా అని అరవడం మాత్రం మానలేదు.

లేచింది. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ చూస్తే పొరంతా ఊడిపోయి, వేళ్లన్నీ బయటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు ఊగుతున్నాయి. నోట్లో బ్రష్షుతోనే మా ఆవిణ్ణి పిలిచాను. ఆమె వచ్చి చాలాసేపు చూసి, "అయితే నా మిషన్ వంటింట్లనేనన్నట్టు," అంది. ఆ సాయంత్రం మంచాన్ని అవతలికి జరిపి, తొట్టి పక్కనే మిషన్‌కు చోటు చేశాను. మంచం మీద పడుకునేవాడు ఇప్పుడు కాళ్లు ముడుచుకోవాలి. ఆ పడుకునేది నేనే.

స్నేహితుణ్ణి ఇంటికి పిలిచాను. నవ్వడానికే వచ్చాడు. తొట్టి ముందు కూర్చుని అద్దానికి ముఖం ఆనించాడు. "గోబీ కాదన్నా ఇది..." అంటూ తెలియకుండానే చేయి నీటి వైపు చాచాడు. మణికట్టు పట్టుకుని ఆపి, అప్పుడు చెప్పాను సంగతంతా.

"నా ఖస్సా?" అన్నాడు చేతిని చూసుకుంటూ. మళ్లీ తొట్టిలోకి చూస్తూ, "నాక్కూడ ఇంత ముక్క ఇయ్యన్నా," అన్నాడు. "మొక్క లెక్క కోసి పెట్టొచ్చంట గదా."

సరిగ్గా ఆ మాట కోసమే పిలిచానేమో, నాకే తెలియదు. సరే అన్నాను. ముందు తొట్టి తెచ్చి, నీళ్లు కుదిరేదాకా ఆగాలన్నాను. వారాల తరబడి అతను వట్టి ఉప్పునీళ్లను చూస్తూ కూర్చున్నాడు. ఆ తరువాత కొత్త బ్లేడుతో నా పగడం అంచు నుంచి ఒక ముక్క కోసి, మా ఆవిడ ఎవరో పెళ్లికూతురి దుపట్టా కుట్టగా మిగిలిన వలగుడ్డతో చిన్న రాయికి కట్టి ఇచ్చాను. కోసిన పగడం కంపు చేతిని వదలదు.

"తౌబా! ఏం వాసనన్నా!" అని అతను అలవాటు కొద్దీ జేబులోని అత్తరు సీసా తీశాడు.

"ఊహూఁ," అన్నాను. "ఇక చేతులకు అత్తరు లేదు భాయ్."

ఇప్పుడు రోజూ పొద్దున నాకు ఫోన్ వస్తుంది. ముడుచుకుందన్నా. లైటు ఎత్తాల్నా? రాయి మార్చాల్నా? దుకాణంలో అతను పొడుగాటి గాజుపుల్లతో, చేయంత దూరం నుంచి, అత్తరు తనకు తగలకుండా గిరాకీల చేతులకు రాస్తున్నాడు. మీరు రాసుకోరా అని ఒకామె అడిగితే వినబడనట్టు గల్లాపెట్టె తుడిచాడు.

నిన్న సాయంత్రం దుకాణం కిటకిటలాడుతున్నప్పుడు చూసి వెళ్లాను. మెట్టు ఎక్కకుండా బజారులోనే నిలబడి, గొంతు సవరించుకుని, ఆ వీధంతా వినబడేలా అడిగాను.

"భాయ్! గోబీ లేచిందా?"