మాబున్నీ సిస్టర్ అడిగిన ప్రశ్న

పక్కింట్లో బార్లీ నీళ్లు కాగుతున్న వాసన వస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. కడప ఎండల్లో అవి చలవ చేస్తాయంటే కాదనను. కానీ మా దగ్గర ఆడవాళ్లకు ఏమొచ్చినా "వేడి చేసింది" అనేస్తారు. మూత్రం మండినా వేడే, తెల్లబట్ట అయినా వేడే, నెత్తురు కనిపించినా వేడే. ఆ మాట వింటే నాకంటే ఎక్కువ చిర్రెత్తిపోయే మనిషి ఒకరుండేవారు, మా మాబున్నీ సిస్టర్. వేంపల్లె దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరిన తొలి ఏడాది ఆవిడ కిందే పని నేర్చుకున్నాను. ముక్కు మీద కోపం. రోగుల మీద కంటే నా మీదే ఎక్కువ చూపించేవారు.

ఆ ఏడాది లక్ష్మీదేవి అని నలభై దాటిన నేతపనావిడ వచ్చింది. నెలకు రెండు మూడుసార్లు బయట చేరుతున్నానని చెప్పింది. వాళ్లింట్లో నెత్తురు కనిపిస్తే మూడు రోజులు మగ్గం ముట్టుకోకూడదు. చీర సగంలో ఆగిపోతోందని అత్త సాధిస్తోందట. ముట్లు సరిగా రావడం లేదని నేను రిజిస్టర్లో రాసుకుని, రక్తం పట్టడానికి ఐరన్ మాత్రలిచ్చి పంపేశాను. ఆరు నెలల్లో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అవే మాత్రలిచ్చాను.

నాలుగోసారి వచ్చినప్పుడు సిస్టర్ రిజిస్టరు లాక్కుని చూశారు. నావైపు ఒక చూపు చూసి, ఆమెను దగ్గరికి పిలిచారు.

"ఏమ్మే, నెత్తురు ఎప్పుడు కనపడుతాండాది? మొగునితో కలిసినాకనా?"

నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను. లక్ష్మీదేవి మాత్రం తడుముకోలేదు.

"అవును సిస్టరమ్మా, ప్రతిసారీ అంతే. మర్నాడే పోయి బయట కూర్చుంటాండా."

"అది ముట్టు కాదు తల్లీ! ఇన్నాళ్లూ ఉత్తపుణ్యానికి బయట కూర్చుంటివి."

డాక్టరమ్మ అప్పుడే పరీక్ష చేశారు. గర్భసంచి మూతి దగ్గర పుండులా కనిపించింది. ముక్క తీసి పరీక్షించాలని పెద్దాసుపత్రికి చీటీ రాశారు. వెళ్తూ వెళ్తూ లక్ష్మీదేవి, వేడికని తాగుతున్న బార్లీ నీళ్లు ఆపాలా అని అడిగింది. సిస్టర్ తల పట్టుకున్నారు.

"బార్లీ తాగు, మజ్జిగ తాగు, బావి మొత్తం తాగు! పెద్దాసుపత్రికి మాత్రం రేపే పో!"

ఆ తర్వాత నా వంతు వచ్చింది.

"లోపల పొడిబారి గీసుకుపోయినా నెత్తురొస్తాది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా వస్తాది, లోపల చిన్న కండ పెరిగినా వస్తాది. శానామందికి అట్లాంటివే. కానీ మళ్లీ మళ్లీ వస్తాంటే, ముట్లు నిలిచిపోయినాక కనపడితే, ఊరికే ఉండకూడదు. క్యాన్సర్ కూడా మొదట్లో నొప్పి లేకుండా ఇట్లనే రావచ్చు. ధారగా పోతాన్నా, కళ్లు తిరుగుతాన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకపోవాల. లోపల చూడందే ఎట్ల తెలుస్తాది? నీ మాత్రలు పోయి చూసొస్తాయా?"

రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. క్యాన్సరే అయితే ఆ ఆరు నెలలూ నేను పోగొట్టినవే. చివరికి, ఇంకా క్యాన్సర్ కాలేదనీ, వదిలేస్తే అయ్యే అవకాశం ఉందనీ తేలింది. చెడిన భాగం వరకు తీసేశారు. నేను వెనక గదిలోకి వెళ్లి ఏడ్చాను.

కొన్నాళ్లకు లక్ష్మీదేవి మళ్లీ చూపించుకోవడానికి వచ్చింది. తేరుకున్న ముఖం చూడగానే సంతోషం బదులు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"మూడుసార్లు వచ్చావే, మొదటిసారే నాతో ఒక్క ముక్క చెప్పుంటే ఏం పోయేది?" అని కసిరాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"అడిగింటే చెప్పనా పాపా? నువ్వు తలకాయ కూడా ఎత్తకుండా రాసుకుంటాంటివి."

పక్కనే ఉన్న మాబున్నీ సిస్టర్ నా చేతిలోని పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

సిస్టర్ పోయి రెండేళ్లయింది. "మొగునితో కలిసినాకనా" అన్న ఆ ప్రశ్న ఇప్పుడు నేను అడుగుతున్నాను. అడిగే ముందు ఈనాటికీ చూపు కిటికీ వైపు పోతుంది. అయినా పెన్ను పక్కన పెట్టి, ఎదుటి మనిషి ముఖం చూస్తూనే అడుగుతాను.