జామీను పోచయ్య

ఎవరైనా వచ్చి అడిగితే కాదనే నోరు పోచయ్యకు దేవుడు పెట్టలేదు. అమీర్‌పేటలో ఇంత ఆకుకూరల మడి, ఒక మోటబావి, అదే ఆయన ఆస్తి. దాన్ని చూపించి, పక్కింటి జీవానందానికి కోర్టులో జామీను నిలబడ్డాడు. జీవానందం పేషీకి రాకపోతే మడి సర్కారుదైపోతుంది. ఆనాటి నుంచి పోచయ్యకు కంటినిండా నిద్ర లేదు.

సికింద్రాబాదు ఇంకా ఇంగ్లీషువాళ్ల చేతుల్లో ఉన్న రోజులవి. జీవానందం బెజవాడలో ఒక దొర ఇంట వంట చేసేవాడు. పని మానేసి ఇల్లు చేరాక, గడియారం ఎత్తుకుపోయాడని ఆ దొర కేసు పెట్టాడు. ఎక్కడ పెట్టి మరిచాడో మహానుభావుడు! ముట్టనేలేదని జీవానందం బైబిలు మీద చెయ్యేసి చెబితే పోచయ్య నమ్మాడు.

వకీలు జీవానందానికి విడమర్చి చెప్పాడు. "బెజవాడ ఇంగ్లీషోళ్లది, మనది నైజాం రాజ్యం. నిన్ను వాళ్లకు అప్పజెప్పాలంటే అక్కడి నుంచి కాగితాలు రావాలె, గవి మన అదాలతు చూడాలె. అప్పుడు మనం సుత కొట్లాడొచ్చు. లేకుంటే నువ్వే బెజవాడ పోయి జామీను అడుగు. కానీ అక్కడ నీకోసం నిలవడేటోడెవడు?"

"ఎవ్వరు లేరు," అన్నాడు జీవానందం.

"గట్లయితే ఈడనే ఉండు. హుస్సేన్‌సాగర్ కట్ట మాత్రం దాటకు. అవతల సికింద్రాబాదు, ఇంగ్లీషోళ్ల పోలీసు. ఏ అదాలతు అడ్డం రాదు, పట్టుకపోతరు."

కాగితాలు రావు, కేసు తెమలదు. పేషీలకు తిరిగి తిరిగి పోచయ్య చెప్పులే కాదు, ప్రాణం కూడా అరిగింది. జీవానందం సికింద్రాబాదు తోవలో బేగంపేట దిక్కు నడిస్తే చాలు, మోట ఆపి వెనకాలే పరుగెత్తేవాడు. "మడికి నీళ్లు ఇడిసి మనిషికి కావలి కాస్తున్నవ్," అని పెళ్లాం మంగవ్వ రోజూ దెప్పేది.

ఒక పొద్దున సికింద్రాబాదు నుంచి కబురొచ్చింది. అక్కడ తన చెల్లెలి ఇంట్లో ఉంటున్న జీవానందం తల్లి మగ్దలీనమ్మ కన్నుమూసింది. వాళ్ల ఇళ్లలో మొదటి పిడికెడు మన్ను పెద్దకొడుకే వెయ్యాలి. జీవానందం కోటు తొడిగేశాడు. అమృతమ్మ మొగుడికి అడ్డంగా గడపలో నిలబడి ఏడుస్తోంది.

"నన్ను పోనియ్యే. పట్టుకుంటే పట్టుకోనీ!"

పోనీ, ఈ పీడ ఇవాళ్టితో వదిలిపోనీ అని, పరుగెత్తుకొచ్చిన పోచయ్యకు నిజంగానే అనిపించింది. అంత అలసిపోయాడు. అయినా నోరు వేరే మాట పలికింది.

"నువ్వు ఇంట్ల ఉండు తమ్మీ. నేను పోత."

"నువ్వెట్ల పోతవన్నా?"

"కోర్టుల నీకోసం నిలవడలేదా?"

శ్మశానం గేటు దగ్గర ఇద్దరు పోలీసులు వచ్చేవాళ్ల ముఖాలు పరీక్షగా చూస్తున్నారు. తలపాగా చుట్టుకున్న ముసలి పోచయ్యను ఎవరూ ఆపలేదు. ప్రార్థన అయ్యాక పాదిరి తలెత్తాడు. "పెద్దకొడుకు రావాలె." ఎవరూ కదల్లేదు. పోచయ్య చెప్పులు విడిచి ముందుకొచ్చాడు.

"నువ్వేమైతవయ్యా?" అన్నాడు పాదిరి మెల్లగా.

"కొడుక్కు జామీను."

పాదిరి ఒకసారి గేటు వైపు చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు. పోచయ్య ఆ తల్లిని ఎన్నడూ చూసినవాడు కాదు. అయినా వంగి మన్ను తీసుకుంటుంటే కళ్లు నిండిపోయాయి.

"ఫికర్ చెయ్యకమ్మా," అన్నాడు పిడికిలి వదులుతూ, "నీ కొడుకు ఇంటికాడనే ఉన్నడు."